చనిపోయి ప్రభువును చేరడమా, ప్రభువే రావడమా?

నిరీక్షణ, అంటే దేవునిలో మన ఆశ ఏమిటని అడిగితే చాలామంది క్రైస్తవ విశ్వాసులు చనిపోగానే పరలోకం అంటారు. నిజమే, బైబిల్లో ఫిలిప్పీయులు 1:23లో అపొస్తలుడైన పౌలు ఆశ కూడా అదే. నాన్నను సమాధి చేసి వచ్చిన రాత్రి నన్ను నిలబెట్టింది ఆ మాటే.

కానీ రెండో రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, ఇంకా పెద్ద ఆశ. మరణంలో ఆత్మ ప్రభువు దగ్గరికి వెళ్తుంది, శరీరం మట్టిలోనే ఉంటుంది. రాకడలో ఆ సమాధే తెరుచుకుంటుంది. 1 థెస్సలొనీకయులు 4వ అధ్యాయం ప్రకారం ముందు లేచేది క్రీస్తులో మృతులైనవారే. బతికున్నవాళ్లు అప్పుడు వాళ్లతో కలుస్తారు. అంటే నాన్నా నేనూ కలిసే వెళ్తాం! యోహాను 14లో యేసు స్థలం సిద్ధపరుస్తానని చెప్పి ఊరుకోలేదు, మళ్లీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. ప్రకటన 21లోనైతే దేవుని నివాసమే మనుషుల మధ్యకు వస్తుంది.

ఆ రోజు ఎప్పుడన్నది మాత్రం తండ్రికే తెలుసు.