సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు: తొలి స్కోరుకు మంచిదే, వాడకం తెలిస్తే

అప్పు చరిత్రే లేనివాళ్లకు మామూలు కార్డు దొరకడం కష్టం. సెక్యూర్డ్ కార్డు మాత్రం మనం బ్యాంకులో పెట్టే డిపాజిట్ మీద ఇస్తారు. లిమిట్ దాదాపు డిపాజిట్ అంతే. తీసుకునే ముందు ఒక్కటి అడగండి: చెల్లింపుల వివరాలు క్రెడిట్ బ్యూరోలకు (అప్పుల చరిత్ర చూసి క్రెడిట్ స్కోరు ఇచ్చే సంస్థలకు) పంపుతారా? పంపకపోతే స్కోరుకు ఈ కార్డు దండగ.

ఎక్కువమంది దెబ్బతినేది వాడకంలో. లిమిట్ చిన్నది కదా, 10,000లో 8,000 వాడితే 80 శాతం! వాడకం అంత ఎక్కువైతే స్కోరు తగ్గుతుంది. గడువులోపు మొత్తం కట్టినా, సాధారణంగా బ్యూరోకు వెళ్లేది స్టేట్‌మెంట్ (నెలవారీ బిల్లు) తేదీనాటి బాకీయే. కాబట్టి స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేసి బాకీని 30 శాతం లోపు, వీలైతే 10 లోపు ఉంచాలి. ఆటోపే మినిమమ్‌కు (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తానికి) కాదు, మొత్తం బిల్లుకు పెట్టండి. డిపాజిట్ ఉందిలే, అందులోంచి పట్టుకుంటారనుకుంటే పొరపాటు. కట్టని నెల ఆలస్యంగానే నమోదవుతుంది. వార్షిక రుసుము ఉంటే మరో కార్డు చూసుకోవడం నయం.