అపార్టుమెంటు కెమెరా: స్టేషన్‌కు లైవ్ ఇవ్వడమా, అడిగితే రికార్డింగు ఇవ్వడమా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా అపార్టుమెంటు అసోసియేషన్ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. మా సీసీ కెమెరాలను నెట్ ద్వారా పోలీసు కంట్రోల్ రూముకు కలిపి, వాళ్లు ఎప్పుడంటే అప్పుడు చూసుకునేలా చేయడం ఒకటి. రికార్డింగును వాచ్‌మన్ గదిలోని డీవీఆర్ అనే రికార్డింగు పెట్టెలోనే ఉంచి, కేసు పడినప్పుడు కాగితం మీద అడిగితే ఇవ్వడం రెండోది. నా ఓటు రెండోదానికే. అయితే మొదటిదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేసేవారితో కూడా నాకు పేచీ ఉంది.

గొలుసు దొంగ ఒక వీధిలో ఆగడు. ఉషోదయ కూడలి దగ్గర గొలుసు తెంపినవాడు అప్పూఘర్ మీదుగా బీచ్ రోడ్డు ఎక్కవచ్చు, ఇసుకతోట వైపు తిరిగి జాతీయ రహదారి పట్టవచ్చు. వాడు వెళ్లిన దారి తెలియాలంటే పోలీసులు ఇంటింటికీ తిరిగి రికార్డింగులు అడగాలి. ఒకచోట సెక్రటరీ ఊళ్లో ఉండడు, ఇంకోచోట పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు, మరోచోట డీవీఆర్ గడియారం అరగంట వెనక నడుస్తుంటుంది. తప్పిపోయిన పిల్లవాడిని వెతికేటప్పుడు ఈ ఆలస్యం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. లైవ్ ఇవ్వాలనేవారి వాదనలో అన్నిటికంటే గట్టిది ఇదే.

గట్టిగా కనిపించి గట్టిది కానిది మరొకటి ఉంది: తప్పు చేయనివాడికి భయమెందుకు? ఈ ప్రశ్నకు జవాబు 1962లోనే వచ్చింది. సాక్ష్యాలు లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు, రాకపోకలపై కన్నేసి ఉంచేవారు. రాత్రి పూట ఇంటికి రావడం చెల్లదన్న సుప్రీంకోర్టు, మిగతా నిఘాకు అడ్డు చెప్పలేదు. ఆ మెజారిటీతో విభేదించినవారు జస్టిస్ కోకా సుబ్బారావు, రాజమహేంద్రవరంలో పుట్టిన మన తెలుగువారు. పోలీసు చూపు నీడలా వెంటాడే మనిషికి దేశమంతా జైలేనని ఆయన రాశారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను రాజ్యాంగం 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా తేల్చినప్పుడు, ఆ అసమ్మతి తీర్పే సరైనదని ఒప్పుకున్నారు. యాభై అయిదేళ్లు పట్టింది.

పుట్టస్వామి తీర్పు ప్రకారం రాజ్యం మన గోప్యతలోకి రావాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే చొరబడాలి. ఒక దొంగతనం దర్యాప్తుకు ఒక గంట రికార్డింగు తీసుకుంటే ఈ కొలతకు సరిపోతుంది. ఏ కేసూ లేకుండా మా గేటు రోజంతా తెరమీద ఆడుతుంటే ఎలా సరిపోతుంది? పనిమనిషి ఎన్నింటికి వచ్చింది, మూడో అంతస్తు అమ్మాయిని ఎవరు దింపి వెళ్లారు, ఏ ఇంటికి ఏ విలేకరి వచ్చాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎవరు ఎప్పుడు చూశారో మాకు చెప్పే చిట్టా మాత్రం ఉండదు. ప్రతిపాదన కాగితంలో ఆ ఊసే లేదు.

చట్టం లైవ్ అడుగుతోందా? ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, ఒకేసారి 100 మందికి పైగా చేరే దుకాణాలు, ఆస్పత్రులు, విద్యాసంస్థల వంటి చోట్ల కెమెరాలు పెట్టాలని, రికార్డింగును 30 రోజులు దాచాలని, అడిగినప్పుడు ఇవ్వాలని చెప్పింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 94వ సెక్షన్ కింద స్టేషన్ అధికారి రాతపూర్వక ఉత్తర్వుతో రికార్డింగు తెప్పించుకోవచ్చు. కాబట్టి అడిగితే ఇస్తామనడం పోలీసులకు ఎదురు తిరగడం కాదు. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మమ్మల్ని కాపాడుతుందనుకునేవారు 17వ సెక్షన్ చదవాలి. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు ఆ చట్టమే వర్తించదు. ఒకసారి మా చేయి దాటిన దృశ్యం మీద మాకు పెద్దగా పట్టు మిగలదు.

ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కూడా జోడిస్తానని కెమెరాల వ్యాపారి ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. దానిమీద ఎక్కువ సేపు అక్కర్లేదు. 80 శాతానికి మించి పోలిక కుదిరితే సరైనదిగానే లెక్కిస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. అలా పొరపాటున పోలిక కుదిరినవారిలో మా పాలవాడు ఉండడని ఎవరు చెప్పగలరు?

రెండో దారికీ లోపాలున్నాయి, అవి మావే. ఎనిమిది కెమెరాలు ఒక్కొక్కటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రాస్తే రోజుకు 170 జీబీకి పైగా నిండుతుంది. అంటే 1 టీబీ డిస్కులో ఆరు రోజులు కూడా నిలవదు. వారం తర్వాత ఫిర్యాదు వస్తే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. 30 రోజులు ఉండాలంటే 6 టీబీ డిస్కు కొనాలి. ఆ ఖర్చు అనగానే లైవ్ లింకు ఉచితం కదా అని గొణిగేవారు మా సమావేశంలోనే ఉన్నారు. పైగా మాది సముద్రపు గాలి. బిగించిన స్క్రూలు తుప్పు పడతాయి, అద్దం మీద ఉప్పు పొర పేరుకుంటుంది, తుడవకపోతే రాత్రి ముఖాలు అలుక్కుపోతాయి.

అందుకే నేను రాసి పెట్టిన తీర్మానం ఇలా ఉంది. ఏ కెమెరా ఎక్కడుందో, ఎవరికి ఫోను చేయాలో స్టేషన్‌కు జాబితా ఇస్తాం. గడియారం సరిగా ఉందో లేదో నెలకోసారి చూస్తాం. పిల్లలు తప్పిపోయినా ప్రాణాపాయం ఉన్నా వెంటనే చూపిస్తాం, కాగితం తర్వాత తీసుకుంటాం. మిగతా ఏ కేసుకైనా ముందు ఉత్తర్వు, తర్వాత నకలు, రిజిస్టరులో తేదీ, సమయం, తీసుకున్న అధికారి సంతకం. ఎదురింటి వరండాను చూస్తున్న వీధి కెమెరాను కిందికి తిప్పుతాం.

ఒక వాక్యం దగ్గరే పేచీ తెగలేదు. కెమెరాల యాప్ ఇప్పుడు కమిటీ సభ్యులందరి ఫోన్లలో ఉంది. ఆఫీసులో కూర్చుని, గేటు దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసి మధ్యాహ్నం వాట్సాప్‌లో ఆరా తీసే పెద్దమనిషి పోలీసు కాదు, మాలో ఒకరే. ఆ యాప్‌ను అందరి ఫోన్లలోంచి తీసేసి, డీవీఆర్ పాస్‌వర్డు మార్చాలన్నది నా వాక్యం. వచ్చే ఆదివారం దానిమీదే ఓటింగు.