బఫర్ 128 మేలా, 1024 మేలా?

తిరుపతిలో మా ఇంటి పైగదిలో అన్నమయ్య కీర్తనలు రికార్డ్ చేస్తుంటాను. మొన్న వేసవిలో ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ పాడుతున్న మా మేనకోడలు ఉన్నట్టుండి హెడ్‌ఫోన్స్ తీసేసింది. "మామా, నా గొంతే నాకు వెనకబడి వినిపిస్తా ఉంది, తాళం నిలవడం లేదు" అంది. చూస్తే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం, 1024 శాంపిల్స్‌లో ఉంది.

కుళాయి కింద బిందె పెడితే, నిండేదాకా ఆగాలి కదా, బఫర్ అంతే. 1024 పెద్ద బిందె: కంప్యూటర్ నిదానంగా మోస్తుంది, మనకే ఆలస్యం. 128 చెంబు: చటుక్కున నిండుతుంది, కానీ మాటిమాటికీ తిరగాలి. ప్రాసెసర్ అందుకోలేకపోతే చిటపటలు మొదలవుతాయి.

48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48 వేల శాంపిల్స్ (శబ్దం కొలతలు) తీసేటప్పుడు, 1024 శాంపిల్స్ అంటే 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మొత్తం దాదాపు 43. అంటే 14 మీటర్లకు పైగా దూరంలో ఉన్న మనిషి మాట మన చెవికి చేరేంత సేపు. తాళం నిలవకపోవడంలో వింత లేదు. 128లో రానూపోనూ 5 మిల్లీసెకన్ల పైచిలుకే. ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇంకాస్త ఆలస్యం కలిపినా పాడేవాళ్లకు ఇబ్బంది ఉండదు. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ASIO, ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ తప్పక వేసుకోండి. 64కి దిగితే ఒక్కో వైపు కలిసొచ్చేది 1.3 మిల్లీసెకన్లే. నా పాత ల్యాప్‌టాప్‌లో రివర్బ్ (గొంతుకు హాల్లో పాడినట్టు మోత చేర్చే ఎఫెక్ట్) వేయగానే చిటపటలాడింది. గొంతు కోసం అంత కిందికి పోవడం దండగ.

ల్యాప్‌టాప్ పాతదైతే నా ఓటు డైరెక్ట్ మానిటరింగ్‌కే. మైక్ శబ్దం కంప్యూటర్ దాకా పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది, బఫర్ ఎంతున్నా ఫర్వాలేదు. రివర్బ్ లేని పొడి గొంతు వినడం మొదట్లో కొత్తగా ఉంటుంది, కానీ శ్రుతి తేడా అందులోనే బాగా తెలుస్తుందని నా నమ్మకం. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపడం మరవొద్దు, లేదంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వీణో, తంబురానో వాయించేవాళ్లకు మాత్రం ఈ దారి లేదు. ఆ శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో. వాళ్లకు 128 తప్పదు, రివర్బ్ లాంటి బరువైన ప్లగిన్లు (ఎఫెక్టులిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) రికార్డింగ్ అయ్యేదాకా ఆపుకోవాలి.

మిక్సింగ్‌కి హాయిగా 1024 పెట్టుకోండి. బఫర్ పెంచితే పాట నాణ్యత తగ్గుతుందనే భయం వద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆ రోజు డైరెక్ట్ మానిటరింగ్ పెట్టాక, పాప చరణాలన్నీ ఆపకుండా పాడేసింది. ఫ్యాన్ వేశాకే హెడ్‌ఫోన్స్ తీసింది.