గేర్లు సాఫీగా దించడం నేర్చుకోవడానికి చెన్నై ట్రాక్ దాకా: దారి, రూమ్, కోచింగ్ ఎలా ఉన్నాయంటే

మలుపు దగ్గర గేరు దించగానే బండి గుంజినట్టు కుదుపు వచ్చి వెనక చక్రం ఎగిరెగిరి పడుతోందా? అయితే కొత్త ఎగ్జాస్ట్ కోసం దాచిన డబ్బు పట్టుకుని చెన్నైలో ట్రాక్ మీద ఇచ్చే రైడింగ్ కోచింగ్‌కి వెళ్లండి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ గురించే చెప్తున్నా, బైకర్లు ఇప్పటికీ ఎమ్ఎమ్ఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే పాత పేరుతోనే పిలుస్తారు. ల్యాప్ దాదాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు.

కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, నోయిడా వైపు బుద్ధ్ సర్క్యూట్ కూడా తిరిగాను కాబట్టి పోల్చి చెప్పగలను. బుద్ధ్ చాలా గొప్పగా ఉంటుంది, 2011లో ఫార్ములా వన్, 2023లో మోటోజీపీ జరిగిన చోటు మరి. మూడో మలుపు దాటాక కిలోమీటరుకు పైగా స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని తిన్నటి దారి, ఉంటుంది, దాని చివర టాప్ గేరు నుంచి వరసగా దించుకుంటూ రావాలి. కానీ మూడు నాలుగు వందల సీసీ బండితో వెళ్తే సగం సమయం ఆ స్ట్రెయిట్ల మీద ట్యాంకు మీద పడుకోవడానికే సరిపోతుంది, నేర్చుకునేది తక్కువ, ఖర్చు ఎక్కువ. కరి ట్రాక్ చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. మలుపులు వెంటవెంటనే వస్తాయి, ఒకే పని పదే పదే చేయడానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్లకి ఊపిరి పీల్చుకునే చోటు దొరకదు. చెన్నైలో వేగంగా తీసుకునేవీ, బాగా నెమ్మదించాల్సినవీ రెండు రకాల మలుపులూ ఉన్నాయి, మధ్యలో ఆలోచించుకునే టైమ్ కూడా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి నేను బండి మీదే వెళ్లాను. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి, నెల్లూరులో భోజనం చేసి, చెన్నై ఊళ్లోకి వెళ్లకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద నజరత్‌పేట దగ్గర దిగితే బెంగళూరు హైవే వస్తుంది, అక్కడి నుంచి ట్రాక్ దగ్గరే. దారి బాగానే ఉంది, కాకపోతే ఇంత దూరం తిన్నగా నడిపితే వెనక టైరు మధ్యలో అరుగుతుంది, మర్నాడు ట్రాక్‌లో వాడాల్సింది అదే టైరు. మా ఫ్రెండ్ తన బండిని లారీలో పంపాడు, క్లచ్ లివర్ వంగిపోయి వచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లని అడిగితే ఎక్కించేటప్పుడే అలా ఉందన్నారు. లారీలో పంపేవాళ్లు ఎక్కించే ముందు నాలుగు వైపులా వీడియో తీసుకోండి, ఒక స్పేర్ లివర్ బ్యాగులో వేసుకోండి.

శ్రీపెరుంబుదూరులో రూములకి లోటు లేదు. చుట్టూ కార్ల, ఫోన్ల ఫ్యాక్టరీలు కాబట్టి హోటళ్లన్నీ ఆఫీసు పని మీద వచ్చేవాళ్ల కోసం కట్టినవే, కొన్నిచోట్ల మెనూలో కొరియన్ వంటలు కూడా కనిపిస్తాయి. రూము శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, బండ్లు లోపల సెల్లార్‌లో పెట్టుకోనిచ్చారు, నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యం. ఇబ్బందల్లా టిఫిన్‌తోనే, మనం ఏడింటికల్లా ట్రాక్‌లో ఉండాలి, వాళ్ల కిచెన్ తెరిచేదే ఏడున్నరకి. హైవే పక్కన ఇడ్లీ తిని వెళ్లాం. పూందమల్లిలో ఇంకా చవగ్గా దొరుకుతాయి గానీ పొద్దున్నే ఆ ట్రాఫిక్ టెన్షన్ అనవసరం.

ఇక కోచింగ్. గేర్ల గురించి చెప్తాడనుకుంటే కోచ్ ముందుగా బ్రేక్ గురించి మొదలుపెట్టాడు. గేరు దిగిందంటే అదే వేగానికి ఇంజిన్ ఇంకా ఎక్కువ తిరగాలి. క్లచ్ వదిలే సమయానికి అది ఆ ఆర్‌పీఎమ్‌కి చేరకపోతే, దాన్ని తిప్పే భారం వెనక చక్రం మీద పడుతుంది. గట్టిగా బ్రేక్ వేస్తున్నాం కాబట్టి బరువంతా ముందుకు జరిగి వెనక టైరు అప్పటికే తేలిపోయి ఉంటుంది, ఇంకేముంది, ఎగురుడు మొదలు. దీనికి మందు బ్లిప్: రెండు వేళ్లు బ్రేక్ లివర్ మీద అలాగే ఉంచి, క్లచ్ కొంచెం నొక్కి, అరచేత్తో థ్రాటిల్‌ని ఒక్కసారి చిన్నగా తిప్పి వదలడం. చదవడానికి సులువే. చేసేటప్పుడు చెయ్యి తిరగగానే వేళ్లు కూడా కదిలి బ్రేక్ ఒత్తిడి మారిపోతుంది, ముందు ఫోర్క్ (ముందు చక్రం సస్పెన్షన్) ఊగుతుంది. అందుకని ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోట, బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, లివర్ కదలకుండా థ్రాటిల్ తిప్పడమే చాలాసేపు చేయించారు. విసుగొచ్చింది, కానీ కట్టిన ఫీజులో సగం దానికే వసూలైపోయిందని నా లెక్క.

రెండోది టైమింగ్. బ్రేక్ వేయగానే టకటకా గేర్లన్నీ దించేస్తే ఇంజిన్ ఓవర్ రెవ్ అవుతుంది, అంటే తట్టుకోగలిగిన దానికంటే వేగంగా తిరుగుతుంది. ముందు వేగం తగ్గాలి, తర్వాత ఒక్కో గేరు, చివరి గేరుకి క్లచ్ పూర్తిగా వదిలాకే బండి వంచాలి. సీటు మీద పక్కకి జరగడం బ్రేక్‌కి ముందే అయిపోవాలి, ట్యాంకుని మోకాళ్లతో బిగించాలి, లేదంటే ఒంటి బరువు చేతుల మీద పడి మణికట్టు ఆడదు. వంచేటప్పుడు బ్రేక్ ఒక్కసారిగా వదలకూడదు, వదిలితే ఫోర్క్ లేచి బండి అనుకున్న గీత కంటే బయటికి పోతుంది, కొద్దికొద్దిగా వదులుతూ రావాలి. గేరు దించినప్పుడు వెనక చక్రం మీద పడే భారాన్ని కొంత జారనిచ్చే స్లిప్పర్ క్లచ్ ఉందిగా అంటారా? ఆర్15లో ఉంది, ఆర్‌సీ 390లో ఉంది, నిజంగానే కాపాడుతుంది. అందుకే తప్పు తెలియకుండా కూడా చేస్తుంది. స్లిప్పర్ లేని బండి మీద వచ్చిన కుర్రాడు మా బ్యాచ్‌లో అందరికంటే తొందరగా నేర్చుకున్నాడు.

స్కూల్ మీద ఫిర్యాదు కూడా ఉంది. ఒక్కో కోచ్‌కి మనుషులు ఎక్కువ, ల్యాప్ వీడియో చూపించి మాట్లాడాల్సిన టైమ్‌ని హడావుడిగా ముగించేశారు. అద్దె లెదర్ సూట్ గురించి మర్యాదగా చెప్పాలంటే, ముందు వేసుకున్నాయన చెమట ఇంకా అందులోనే ఉంది. సొంత సూట్ లేకపోతే కనీసం లోపలికి పల్చటి ఇన్నర్ తీసుకెళ్లండి. మధ్యాహ్నం పెరుగన్నం మాత్రం బ్రహ్మాండం.

అద్దాలు తీయడం, లైట్లకి టేప్ అతికించడం, వాళ్లు అడిగితే కూలెంట్ తీసేసి నీళ్లు పోయించడం లాంటివి మన ఊళ్లో మెకానిక్ దగ్గర చేయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది, బండి మీద వెళ్లేవాళ్లు మాత్రం అద్దాలు, టేపు సంగతి అక్కడే చూసుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్తే మంచిది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, ఏప్రిల్ తర్వాత ఆ ఎండకి సూట్‌లో నిలబడలేం. ఇంట్లోవాళ్లు కూడా వస్తామంటే శ్రీపెరుంబుదూరు రామానుజాచార్యులు పుట్టిన ఊరు, ఆదికేశవ పెరుమాళ్ గుడి ఊళ్లోనే ఉంది, మీరు ట్రాక్‌లో ఉండగా వాళ్లు దర్శనం చేసుకుని రావచ్చు.