ట్రాకా, మారథానా: వీల్‌చైర్ రేసర్‌కి ఏది మేలు?

వీల్‌చైర్ రేసింగ్‌లో కాస్త పేరొచ్చాక ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ట్రాక్ మీదే ఉండాలా, 42 కిలోమీటర్ల రోడ్డెక్కాలా? నా ఓటు రోడ్డుకే. అయితే ట్రాక్ నేర్చుకోకుండా నేరుగా రోడ్డెక్కమని మాత్రం చెప్పను.

రేసింగ్ కుర్చీకి గేర్లు ఉండవు. ఆగి ఉన్న కుర్చీని కదిలించి వేగం అందుకోవడమంతా చేతుల పనే. గట్టి గ్లవ్స్ వేసుకుని చక్రం పక్కనున్న రిమ్‌ని కొట్టి కిందికి తోస్తారు. 100 మీటర్లలో మొదటి నాలుగైదు తోపులు సరిగ్గా పడకపోతే మళ్ళీ అందుకోవడం చాలా కష్టం. 400 మీటర్లకి వచ్చేసరికి వంపులు తోడవుతాయి. అక్కడ పని చేసేది కాంపెన్సేటర్ అనే చిన్న లీవర్. వంపు మొదలవగానే దాన్ని ఒక్క దెబ్బ కొడితే ముందు చక్రం ఆ వంపుకి తగ్గట్టు తిరిగి నిలుస్తుంది. నేరు దారి రాగానే ఇంకో దెబ్బ. అర క్షణం ఆలస్యమైతే కుర్చీ పక్కకి లాగేస్తుంది, వేగం పోతుంది. ఈ ఒడుపు ట్రాకే నేర్పాలి.

ఇది మారథాన్‌లోనూ అక్కరకొస్తుంది. ఈ ఆటలో ఒకరి వెనక ఒకరు గాలి చాటున వెళ్తారు కాబట్టి చాలా దూరం గుంపుగానే సాగి, చివరి మలుపు తర్వాత స్ప్రింట్‌తో తేలిన రేసులు ఎన్నో ఉన్నాయి. పరుగులో 400 మీటర్ల వీరుడు మారథాన్ గెలవడం ఊహకందదు. ఇక్కడ అది జరిగింది. తత్యానా మెక్‌ఫాడెన్ 2013లో లియోన్ ప్రపంచ పోటీల్లో 100 నుంచి 5000 మీటర్ల దాకా ఆరు స్వర్ణాలు గెలిచి, అదే ఏడాది బోస్టన్, లండన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లూ గెలిచింది. వైకల్యాన్ని బట్టి పోటీదారుల్ని క్లాసులుగా విడదీస్తారు. నడుము కండరాల బలం తక్కువుండే టీ53 క్లాస్ వాళ్ళకి రోడ్డు కష్టమని అంటారు, పారాలింపిక్ మారథాన్‌లో ఆ బలం ఎక్కువుండే టీ54 వాళ్ళతో తలపడాలి కాబట్టి. కానీ టీ53కి చెందిన కేథరిన్ డెబ్రనర్ 2024 పారిస్‌లో 400 మీటర్లూ గెలిచింది, మారథానూ గెలిచింది.

ఇక బతుకు సంగతి. ట్రాక్ మీద అందరూ గుర్తుపెట్టుకునే పతకం నాలుగేళ్ళకోసారి. పైగా తన క్లాస్‌లో పోటీదారులు తగ్గితే ఆ ఈవెంటే జాబితాలోంచి పోవచ్చు. రోడ్డు మీద పెద్ద మారథాన్లు ఏటా ఉంటాయి. 1975లో బోస్టన్ మారథాన్‌కి వీల్‌చైర్‌లో వచ్చిన బాబ్ హాల్‌కి నిర్వాహకులు ఇస్తామన్నది, అదీ మూడు గంటల్లోపు ముగిస్తే, ఒక సర్టిఫికెట్. ఆయన 2 గంటల 58 నిమిషాల్లో ముగించాడు. 2024లో లండన్ మారథాన్ వీల్‌చైర్ విజేతకీ పరుగు విజేతతో సమానంగా 55,000 డాలర్లు ఇచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

వయసుకీ రోడ్డే దయ చూపిస్తుంది. 2012 లండన్ పారాలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన డేవిడ్ వీర్ 2016 రియో నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. 2017, 2018 లండన్ మారథాన్లు రెండూ మళ్ళీ ఆయనవే.

రోడ్డుకి ప్రమాదమూ ఉంది. 2024 బోస్టన్‌లో మార్సెల్ హగ్ ఒక మలుపులో వేగం ఆపుకోలేక బారికేడ్‌కి గుద్దుకుని పడ్డాడు. లేచి, 1:15:33తో కోర్సు రికార్డు కొట్టి గెలిచాడు. అందరూ అలా లేవలేరు.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఓటు ట్రాక్‌కే, అది భుజం నొప్పి మొదలైనప్పుడు. మారథాన్ సాధనకి వారం వారం తొయ్యాల్సిన కిలోమీటర్లు చాలా ఎక్కువ. రేసు అయ్యాక ఇంట్లో మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా చాలామందికి ఆ భుజాలే దిక్కు. నొప్పి ఉన్నవాళ్ళు ఒక సీజన్ మారథాన్ వదిలేసి 400, 800కే పరిమితమవడం మంచిది. రోడ్డు వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది.