నవల కోర్సుకు 7,499 కట్టాను, 12 శాతం దగ్గర అన్నను చంపమన్నారు: జాగ్రత్త

నవల రాయడం నేర్పిస్తామనే ఒక ఆన్‌లైన్ కోర్సుకు 7,499 రూపాయలు కట్టి మోసపోయాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. కానీ ఇదే రకం ప్రకటన ఇప్పుడు చాలామంది ఫోన్లలో తిరుగుతోంది: "మీ నవల కదలడం లేదా? కథను నడిపించే ఆ ఒక్క సంఘటన మేము రాయిస్తాం." అది చూసి చెయ్యి ఫోన్‌పే మీదికి పోతుంటే ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. సీజన్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. మిగతా రోజుల్లో పిల్లలు పడుకున్నాక, నాలుగేళ్లుగా, ఒక నవల రాస్తున్నాను. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో ఇద్దరు అన్నదమ్ముల కథ. 210 పేజీలయ్యాయి. చదివినవాళ్లంతా ఒకటే మాట: "బాగుంది గానీ, కథ ఎప్పుడు మొదలవుతుంది?" మా ఆవిడైతే నలభయ్యో పేజీ దగ్గర నిద్రపోయింది. అదీ విమర్శే కదా.

తప్పు నాదే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేసిన రోజుతో మొదలుపెట్టాను. కాలువ తవ్వకం, తాత మట్టి మోసిన కూలి, మొదటి నీళ్లు, మొదటి వరి అన్నీ దాటుకుని అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడేసరికి 90వ పేజీ వచ్చింది. ఏదో ఒకటి ముందుకు తేవాలని తెలుసు. ఏది తేవాలో తెలియలేదు. అట్లాంటి టైంలో ఆ ప్రకటన కనబడింది, నంబరు ఇచ్చాను, పావుగంటలో ఫోన్ వచ్చింది.

"సర్, మీ ఏరియా నుంచి నిన్ననే ఇద్దరు జాయిన్ అయ్యారు. ఇంకా 3 సీట్లే ఉన్నాయి. ఈ రేటు రాత్రి 12 దాకే." వాళ్ల పేజీలో గడియారం కూడా సెకన్లు లెక్కపెడుతోంది. నాకు టెన్షన్ మొదలైంది, కట్టేశాను. మూడో రోజు మా ఆవిడ ఫోన్‌లో అదే పేజీ తెరిస్తే అవే 3 సీట్లు, గడియారం మళ్లీ మొదటి నుంచి. కొనేవాళ్లను తొందరపెట్టే ఇలాంటి దొంగ హడావిడి తప్పని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్ 30న మార్గదర్శకాలే ఇచ్చింది. తప్పుదోవ పట్టించే 13 పద్ధతుల జాబితాలో ఇది కూడా ఉంది. ఆ సంగతి పైసలు పోయాక తెలిసింది.

ఇచ్చిందేమిటంటే ఆరు రికార్డు వీడియోలు, 34 పేజీల పీడీఎఫ్, అందరి మైకులు మూసేసి పెట్టిన ఒక లైవ్ క్లాసు. నేను డబ్బు కట్టింది వీటికి కాదు. "మీ మొదటి మూడు అధ్యాయాలు సీనియర్ రచయిత స్వయంగా చదివి అభిప్రాయం రాస్తారు" అన్న మాటకు.

పీడీఎఫ్ నిండా "మా సొంత పద్ధతి" అని ఉంది. కథను కదిలించే ఘట్టం గురించి జర్మనీలో గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లోనే నాటక నిర్మాణం మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మన నాట్యశాస్త్రం బీజం అంది, అంటే కథకు విత్తనం; ముఖసంధి అంది, అంటే ఆ విత్తనం పడే మొదటి భాగం. పాతది చెప్తే తప్పేం లేదు, బాగా చెప్తే చాలు. వీళ్లు చెప్పిందల్లా ఒకటే రూలు: ఆ సంఘటన సరిగ్గా 12 శాతం దగ్గర పడాలి. నా 210 పేజీలకు అది 25వ పేజీ. 24లో పడితే ఏమవుతుందని అడుగుదామంటే మైకు లేదు.

అభిప్రాయం తొమ్మిదో రోజు వచ్చింది. డబ్బు వాపసు గడువు ఏడు రోజులు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే వ్యాపారం మొత్తం అర్థమవుతుంది. వచ్చింది ఇది, ఉన్నదున్నట్టు:

"మీ కథలో ప్రేరక సంఘటన బలహీనంగా ఉంది. 12 శాతం దగ్గర నాయకుడి అన్న హఠాత్తుగా మరణించాలి. అప్పుడు శరణ్య కన్నీళ్లు పాఠకుడిని కదిలిస్తాయి."

శరణ్య ఎవరు? నా నవలలో ఆడవాళ్లు ఇద్దరే, యాదమ్మ, సైదమ్మ. గౌరి అని ఇంకో పేరు ఉంది గానీ అది బర్రె. సరే, పేరు పొరపాటు అనుకుందాం. 25వ పేజీలో అన్న చచ్చిపోతే మిగిలిన 185 పేజీలు తమ్ముడు ఎవరితో కొట్లాడాలి?

వాట్సాప్ గ్రూపులో జడ్చర్ల నుంచి ఒక టీచర్ ఉన్నారు. ఆమె నవల పాలమూరు లేబర్ గురించి, బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి పుణెకు బిల్డింగ్ పనికి పోయే ఒక తల్లి కథ. నాకొచ్చింది ఆమెకు పంపాను, ఆమె తనది పంపింది. "12 శాతం దగ్గర తల్లి హఠాత్తుగా మరణించాలి. అప్పుడు శరణ్య కన్నీళ్లు..." మిగతాదంతా అక్షరం పొల్లు పోకుండా అదే. ఫోన్ చేసి నవ్వుతూ, "అన్నా, మనిద్దరి నవలల్ల ఏడుస్తున్న ఈ శరణ్యను ముందు పట్టుకోవాలె" అంది.

ఆ నవ్వులోనే అసలు పాఠం దొరికింది మాకు, ఫీజు లేకుండా. ఆమె కథ విన్నాను. గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు సంగతి ఐదో అధ్యాయంలో, అదీ గుర్తుచేసుకున్నట్టు రెండు లైన్లలో రాసింది. బిడ్డ జ్వరానికి ఆస్పత్రిలో ఖర్చయిపోయిన డబ్బు అది. ఇక ఆ తల్లి పోకుండా ఉండలేదు, ఏ బిడ్డ కోసం తీసుకుందో ఆ బిడ్డనే వదిలి పోవాలి. కథ అక్కడే ఉంది కదమ్మా, దాన్ని ఎందుకు దాచినవు అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

చావు పెట్టొద్దని కాదు నేననేది. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. వెట్టి అంతకు ముందూ ఉంది, దొరల దౌర్జన్యం ముందూ ఉంది. బీజం ఏళ్లకేళ్లు మట్టిలోనే ఉంది. ఆ రోజు తర్వాత మాత్రం ఇంటికి పోయి తలుపేసుకుని బతికే వీలు జనానికి లేకుండా పోయింది. అది "హఠాత్తుగా" వచ్చిన చావు కాదు. ఎవరు చంపించారో, ఎందుకో ఊరందరికీ తెలుసు. ఎక్కడైనా అతికించుకోవచ్చని అమ్మే చావుకూ దీనికీ అదే తేడా.

మనుచరిత్రలో ప్రవరుడి కథ ఇంకా బాగా పనికొచ్చింది. కదిలించే సంఘటన ఏది అంటే కాళ్లకు పూసుకుంటే కోరిన చోటికి చేర్చే పాదలేపం సిద్ధుడు ఇవ్వడం అని నేనూ అనుకునేవాణ్ణి. కానీ లేపం పూసుకుని హిమాలయాలు చూసి సాయంత్రానికి ఇల్లు చేరితే కథేముంది? విహారయాత్ర. మంచుకు లేపం కరిగిపోయింది చూడండి, అక్కడ బిగిసింది. ఇంట్లో అగ్నిహోత్రం, కొండ మీద వరూధిని, కాళ్ల కింద దారి లేదు. పైగా పోవాలని కోరుకున్నది ఆయనే. కోరిక మనిషిదై ఉండాలి, వెనక్కి దారి మూసుకుపోవాలి. ఈ రెండూ కలిసిన చోటు వెతకమని ఆ 34 పేజీల్లో ఎక్కడా లేదు.

నా కథలో వెతికాను. 90వ పేజీలోనే ఉంది. వారబందీ నీళ్లు, అంటే వంతులవారీగా వదిలేవి. తమ్ముడి వంతు రాత్రి రెండు గంటలకు. బ్యాటరీ లైటు పట్టుకుని తూము దగ్గరికి పోతే షట్టర్‌కు తాళం వేసి ఉంది. లైటు వేసి చూస్తే తెలిసిన తాళమే. నాయిన కొన్న ఇత్తడి తాళం, పాత ఇంటి తలుపుది, పంపకాల్లో అన్నకు పోయింది. దానికి రెండు చెవులు. రెండోది పంపకాల్లో ఎవరూ అడగలేదు, తమ్ముడి మొలతాడుకే ఉంది. తియ్యగలడు. తీస్తే దొంగ, తియ్యకపోతే నారు ఎండుతుంది. ఎవరూ చావలేదు, శరణ్య ఏడవలేదు. ఇప్పుడది ఆరో పేజీలో ఉంది. నెహ్రూను ప్రస్తుతానికి పక్కన పెట్టాను. మా ఆవిడ 60వ పేజీ దాకా మెలకువతో చదివింది.

ఇంకా కోర్సే కావాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే, గతంలో ఎవరికైనా ఇచ్చిన ఒక అభిప్రాయం పేర్లు కొట్టేసి చూపించమనండి. చూపించకపోతే అక్కడితో ఆపేయండి. వాపసు గడువును కోర్సులో చేరిన రోజు నుంచి కాకుండా అభిప్రాయం చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెడతామని రాతలో తీసుకోండి. ఆ గడియారాన్ని రెండు రోజులు వరసగా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాపసు అడిగితే మాకొచ్చిన జవాబు: "7 రోజులు దాటాయి సర్, కావాలంటే అడ్వాన్స్‌డ్ బ్యాచ్ సగం రేటుకు ఇస్తాం." ఇద్దరం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, నంబర్లు వచ్చాయి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా నల్లగొండలోనే వేస్తాను.

మీలో ఎవరికైనా శరణ్య కన్నీళ్లు వచ్చి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ చెరిపేయకుండా నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదుకు జత చేస్తాం. ఆమె అసలు ఎవరి నవలలో మనిషో తెలిస్తే అదీ చెప్పండి. పాపం, ఆ రాసినవాళ్లకు వాళ్ల అభిప్రాయం ఇంకా అంది ఉండదు.