సైన్స్ ఫెయిర్ నమూనాకి స్పీకర్ అయస్కాంతమా, తీగ చుట్టిన బోల్టా?

పాత స్పీకర్ విప్పితే వచ్చే నల్ల రింగు ఫెర్రైట్ అనే శాశ్వత అయస్కాంతం. దానికి కరెంటు అక్కర్లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కింద పడితే పెంకులా పగులుతుంది. కాగితం మీద ఇనుప రజను చల్లి బలరేఖలు చూపించడానికి అదే మేలు.

క్రేన్ నమూనాకి మాత్రం పనికిరాదు, పట్టింది వదలదు కాబట్టి. దానికి తీగ చుట్టిన బోల్టే కావాలి, అంటే కరెంటు ఉన్నంతసేపే పట్టే విద్యుదయస్కాంతం. విజయవాడ ఆటోనగర్ వైపు మోటారు వైండింగ్ షాపులో 26 గేజి మందంలో ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ మూడున్నర మీటర్లు అడగండి. 8 మి.మీ. మెత్తటి ఇనుప బోల్టుకి కాగితం చుట్టి, ఒకే దిశలో 100 చుట్లు వేయండి. సగంలో దిశ మారిస్తే ఆ సగం ఈ సగాన్ని రద్దు చేస్తుంది.

కొసలు ఉప్పుకాగితంతో గీకాలి. చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే: రాగిలాగే మెరిసే ఆ పూతే ఇన్సులేషన్. తీగచుట్ట నిరోధం అర ఓమ్ కూడా ఉండదు. 1.5 వోల్టుల సెల్‌కి ఐదు సెకన్లకు మించి కలిపి ఉంచితే తీగా, సెల్లూ రెండూ కాగుతాయి.

తల మీద 8.8 అని అచ్చున్న బోల్టు వద్దు. అది గట్టి ఉక్కు, కరెంటు పోయినా కొంత అయస్కాంతత్వం అందులో మిగులుతుంది. స్విచ్ ఆపినా కొన్ని గుండుసూదులు వేలాడుతూనే ఉంటాయి, జడ్జిల ముందు!